పర్లాకిమిడి ఇంట్లో పాట రికార్డింగ్: రివర్బ్ ఎంచుకోవడం, కలపడం, సరిపెట్టడం

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు ఇప్పుడు బాగా పెరిగారు. ఒక లాప్‌టాప్, మైకుని దానికి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, ఒక జత హెడ్‌ఫోన్లు, అంతే స్టూడియో. ఒకరోజు తెలుగు భజన, ఇంకోరోజు ఒడియా భక్తిపాట జణాణ, ఆదివారం దగ్గరపడితే చర్చి పాటలు. పాడేవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే మొదట అడిగేది "కొంచెం ఎకో పెట్టు బావూ" అని. వాళ్ళు ఎకో అనేది రివర్బ్‌ని, అంటే గొంతు చుట్టూ ఒక చోటు మోతని కలపడాన్ని. అక్కణ్నుంచి ఏ రివర్బ్ కొనాలి, ఎక్కడ కలపాలి అన్న టెన్షన్ మొదలవుతుంది.

కొనడం గురించి చివర్లో చూద్దాం. రివర్బ్‌తో మీరు తేల్చేది, పాడే మనిషి వినేవాళ్ళకి ఎంత దూరంలో, ఎలాంటి చోట నిలబడ్డాడు అన్నది. ఆ మాట ముందు మనసులో అనుకుంటే ఏ రకం, ఎన్ని సెకన్లు, ఎంత లెవెల్ అన్నవి దానికదే వరసగా తేలతాయి. అనుకోకుండా ప్రీసెట్లు (ముందే అమర్చి ఇచ్చిన సెట్టింగులు) తిరగేస్తూ కూర్చుంటే రాత్రంతా తిరగెయ్యొచ్చు.

మొదటి మెట్టు: గది

గదిలో ఉన్న మోత గొంతుతో పాటే మైకులోకి వెళ్ళిపోతుంది. తర్వాత తీసెయ్యడానికి డీ-రివర్బ్ ప్లగిన్లు (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి గానీ అవి మోతతో పాటు గొంతులో కొంత నిండుతనం కూడా తీసేస్తాయి. పైగా ఆ మోత మీద ఇంకో రివర్బ్ వేస్తే రెండు చోట్లు ఒకేసారి వినిపిస్తాయి, సిమెంటు గదిలో పాడిన మనిషి, ఆ గది మొత్తం ఒక హాల్లో పెట్టినట్టు.

మన ఇళ్ళలో గది ఎలా ఉంటుందో తెలుసు కదా, సిమెంటు ప్లాస్టరు గోడలు, టైల్స్ నేల, పైన శ్లాబో రేకో. శబ్దం ఆగిన తర్వాత దాని మోత 60 డెసిబెల్స్ (డీబీ, శబ్దం స్థాయికి కొలత) తగ్గడానికి పట్టే సమయాన్ని ఆర్‌టీ60 అంటారు, ఈ లెక్కకి దారి వేసింది హార్వర్డ్‌లో పనిచేసిన వాలెస్ సబైన్, 19వ శతాబ్దం చివర్లో. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది ఉపరితలాన్ని అది పీల్చుకునే వంతుతో గుణిస్తే వచ్చేదానితో భాగించాలి. 3 మీటర్లు, 3.5 మీటర్లు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ గది తీసుకోండి: ఘనపరిమాణం 31.5 ఘనపు మీటర్లు, మొత్తం ఉపరితలం 60 చదరపు మీటర్లు. గోడలు, నేల, కప్పు వందకి 3 వంతులే పీల్చుకుంటాయనుకుంటే 2.8 సెకన్లు వస్తుంది. తలుపు, కిటికీ, మంచం వల్ల నిజంగా అంత ఉండదు గానీ ఎక్కువే ఉంటుంది. అదే గదిలో పడే శబ్దంలో సగం పీల్చుకునేలా 10 చదరపు మీటర్ల మందపాటి బొంతలు, దూది పరుపులు వేలాడదీస్తే లెక్క 0.75 సెకన్లకి దిగిపోతుంది. రూపాయి ఖర్చు లేకుండా ఇంత తేడా ఏ ప్లగిన్ తీసుకురాదు.

బొంతలు ఎక్కడ కట్టాలి అన్నది చాలామంది తిరగేస్తారు. మైకు వెనక గోడకి కడతారు. మనం వాడే కార్డియాయిడ్ మైకు ముందువైపు వింటుంది, అంటే పాడేవాడి వీపు వెనక గోడ నుంచి వచ్చే మోతే ఎక్కువ దొరుకుతుంది, కాబట్టి మొదటి బొంత పాడేవాడి వెనక. రెండోది ఒక పక్క గోడకి. గది సరిగ్గా మధ్యలో నిలబెట్టకండి, మైకుకి నోటికి మధ్య ఒక జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ పలికేటప్పుడు ఊదే గాలిని ఆపే జాలీ). చప్పట్లు కొట్టి చూడండి, "ట్రింగ్" అని ఎదురెదురు గోడల మధ్య పరుగెత్తే చప్పుడు వినపడకుండా పోయేదాకా బొంతలు జరపండి. బొంతలు గరగరలనీ, మోతనీ తగ్గిస్తాయి గానీ కింది స్థాయి గుమ్ముమోతని పెద్దగా ఆపలేవు, దాన్ని కొంతవరకు ఈక్యూతో (శబ్దంలో కింది, పై స్థాయిల్ని విడివిడిగా పెంచి తగ్గించే ప్లగిన్‌తో) కోసుకోవచ్చు. వానాకాలంలో రేకు మీద చినుకులు పడుతుంటే మాత్రం రికార్డింగ్ ఆపెయ్యండి, ఆ చప్పుడు రివర్బ్‌లోకి వెళ్ళిందంటే పాట పొడుగునా బుసకొడుతూ ఉంటుంది.

రెండో మెట్టు: ఏ రకం

రివర్బ్ ప్లగిన్ తెరిస్తే ప్లేట్, హాల్, రూమ్, చాంబర్, స్ప్రింగ్ అని పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ ఒకప్పటి నిజమైన వస్తువుల పేర్లు, నిజమైన చోట్ల పేర్లు. చాంబర్ అంటే ఖాళీ గట్టి గదిలో స్పీకరూ మైకూ పెట్టి మోతని పట్టుకోవడం. 1947లో అమెరికాలో బిల్ పుట్నమ్ స్టూడియో బాత్‌రూమ్‌నే అలా వాడాడు. ప్లేట్ అంటే పెద్ద ఉక్కు రేకుని ఫ్రేములో వేలాడదీసి కంపింపచెయ్యడం, 1957లో జర్మనీ నుంచి వచ్చిన ఈఎంటీ 140 అలాంటిదే, దాని బరువు పావు టన్ను దాటుతుంది. స్ప్రింగ్ హామండ్ ఆర్గన్ల నుంచి వచ్చి గిటార్ ఆంప్లిఫయర్లలో స్థిరపడింది. 1976లో ఈఎంటీ 250, 1978లో లెక్సికాన్ 224 అనే డిజిటల్ రివర్బ్ యంత్రాలు వచ్చాక ఇవన్నీ లెక్కలుగా మారి డబ్బాలోకి, తర్వాత మన లాప్‌టాప్‌లోకి వచ్చాయి.

నా అభిప్రాయం చెప్తాను: మొదటి ఆరు నెలలు ఒక్క ప్లేట్ చాలు. ప్లేట్‌లో గోడల నుంచి వచ్చే తొలి ప్రతిధ్వనులు విడివిడిగా వినపడవు, శబ్దం వెంటనే దట్టంగా విచ్చుకుంటుంది, అందుకే గొంతు వెనక్కి పోకుండా చుట్టూ మెరుపు వస్తుంది. బొంతల గదిలో పాడిన గొంతుకి అది బాగా అతుకుతుంది. హాల్ భజనకీ, నెమ్మదిగా సాగే ఆరాధన పాటలకీ. రూమ్ జానపదానికి, డప్పు, తప్పెట లాంటి వాటికి, అదీ సెకనులోపే. హరికథ, బుర్రకథ, కథలు చెప్పే వీడియోలకి దాదాపు ఏదీ వద్దు, మాట చెవి దగ్గరే ఉండాలి.

డబ్బు పెట్టక్కర్లేకుండా మంచివి దొరుకుతాయి. డ్రాగన్‌ఫ్లై రివర్బ్ పూర్తిగా ఉచితం, హాల్, రూమ్, ప్లేట్ మూడూ విడివిడి ప్లగిన్లుగా వస్తాయి, విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి రియావర్బేట్, రియావర్బ్ దాంతోనే వస్తాయి. వల్హాలా సూపర్‌మాసివ్ కూడా ఉచితమే, కానీ అది ఆకాశమంత పొడుగు తోకలకి (గొంతు ఆగాక సాగే మోతకి) బాగుంటుంది, మామూలు గొంతు పాటకి మొదటి ఎంపిక కాదు.

రియావర్బ్ గురించి ఇంకో మాట, ఎందుకంటే నాకు దీని మీద ప్రత్యేకమైన ఇష్టం. అది కన్వల్యూషన్ రివర్బ్, అంటే ఒక నిజమైన చోట రికార్డు చేసిన చిన్న మోతని తీసుకుని మీ పాటని ఆ చోట పాడినట్టు చేస్తుంది. మన చుట్టుపక్కల ఎత్తు కప్పుల పాత చర్చిలున్నాయి, రాతి మండపాలున్నాయి. అక్కడి పెద్దల అనుమతి తీసుకుని, జనం లేని వేళ వెళ్ళి, పాడేవాడు నిలబడే చోట ఒక పెద్ద బెలూన్ పగలగొట్టి, ఐదారు మీటర్ల దూరంలో రెండు మైకులతో వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చెయ్యండి. ఫోన్‌తో వద్దు, అది లెవెల్‌ని తనకి తానే పైకీ కిందకీ లాగుతుంది. రికార్డర్‌లో గెయిన్ (లోపలికొచ్చే లెవెల్) చేత్తో పెట్టి, పేలుడు క్లిప్ అవ్వకుండా, అంటే లెవెల్ మించి పగలకుండా చూసుకోండి. ఇంటికొచ్చాక పేలుడు ముందున్న నిశ్శబ్దాన్ని కోసేసి, తోక పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచి, ఆ ఫైల్‌ని రియావర్బ్‌లో వేసుకోండి. బెలూన్ పద్ధతి ప్రయోగశాలంత కచ్చితం కాదు, అయినా ఆ చోటు గుర్తుపట్టేలా వస్తుంది. మన ఊరి చర్చి మోత మన పాటలో ఉండటం కంటే నాకు పెద్ద ప్రీసెట్ ఏదీ కనపడదు.

మూడో మెట్టు: కలపడం

రివర్బ్‌ని గొంతు ట్రాక్ మీదే నేరుగా వెయ్యకండి. వేరే ట్రాక్ పెట్టి సెండ్ (గొంతు కాపీని ఇంకో ట్రాక్‌కి పంపే దారి) ద్వారా పంపండి. ఇలా చేస్తే ఒకే రివర్బ్‌ని గొంతు, కోరస్, హార్మోనియం పంచుకుంటాయి, అందరూ ఒకే చోట ఉన్నట్టు వినిపిస్తారు, లాప్‌టాప్ మీద బరువూ తగ్గుతుంది, రివర్బ్‌కి మాత్రమే ఈక్యూ చేసుకునే వీలూ ఉంటుంది.

రీపర్‌లో చెప్తాను, మిగతా వాటిలోనూ పద్ధతి ఇదే. కొత్త ట్రాక్ తెరిచి దానికి "ప్లేట్" అని పేరు పెట్టండి. దాని మీద రివర్బ్ ప్లగిన్ వేసి, డ్రై (అసలు గొంతు) పూర్తిగా కిందకి దించి, వెట్ (రివర్బ్) మాత్రమే ఉంచండి. డ్రై కొంచెం మిగిలినా అదే గొంతు రెండుసార్లు కలిసి లెవెల్ పెరుగుతుంది, సెండ్ పెంచినప్పుడల్లా గొంతు కూడా పెరుగుతూ పోతుంది. ఇప్పుడు గొంతు ట్రాక్ రౌట్ బటన్ పట్టుకుని ప్లేట్ ట్రాక్ మీదకి లాగి వదలండి, సెండ్ ఏర్పడుతుంది. అది పోస్ట్-ఫేడర్‌లో ఉందో లేదో చూడండి: అప్పుడు గొంతు ఫేడర్ (ట్రాక్ లెవెల్ మీట) తగ్గిస్తే రివర్బ్ కూడా దాంతో పాటే తగ్గుతుంది. సెండ్ లెవెల్ పూర్తిగా దించి, పాట నడుస్తుండగా నెమ్మదిగా పెంచుతూ రండి, రివర్బ్ ఉందని చెవికి తెలిసిన చోట ఆగి, అక్కణ్నుంచి ఒక 3 డీబీ వెనక్కి. తర్వాత ప్లేట్ ట్రాక్‌ని మ్యూట్ చేసి చూడండి. మ్యూట్ చేసినప్పుడు పాట ఒక్కసారిగా ఎండిపోయినట్టు అనిపించాలి, మ్యూట్ తీసినప్పుడు రివర్బ్ ఉందని ఎవరూ వేలెత్తి చూపించలేకపోవాలి.

తాళాలు, గజ్జెలు ఈ సెండ్‌లోకి పంపొద్దు. వాటి పదును రివర్బ్‌లో ఇసకలా రాలుతూ ఉంటుంది.

పాడేవాళ్ళ చెవిలో రివర్బ్

ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. పాడేవాళ్ళకి హెడ్‌ఫోన్లలో రివర్బ్ లేకపోతే గొంతు బిగుసుకుంటుంది, అది వాళ్ళ తప్పు కాదు, బొంతల గదిలో తన గొంతు తనకే మొద్దుగా వినిపిస్తుంది. కానీ కంప్యూటర్ గుండా తిరిగొచ్చిన గొంతు ఆలస్యంగా వస్తుంది, బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకుని పంపే శబ్దం ముక్క) పెద్దదైతే మరీను, తాళం తప్పుతారు.

దారి ఇదీ. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ ఆన్ చెయ్యండి, అసలు గొంతు ఆలస్యం లేకుండా చెవికి వెళ్తుంది. రీపర్‌లో గొంతు ట్రాక్‌ని రికార్డుకి ఆర్మ్ (సిద్ధం) చేసి ఇన్‌పుట్ మానిటరింగ్ ఆన్ చేసి, ఆ ట్రాక్ రౌటింగ్‌లో మాస్టర్ సెండ్ (పాట మొత్తం కలిసే మాస్టర్‌కి వెళ్ళే దారి) టిక్ తీసెయ్యండి. ప్లేట్‌కి సెండ్ మాత్రం అలాగే ఉంచండి. ఇప్పుడు కంప్యూటర్ నుంచి వచ్చేది రివర్బ్ ఒక్కటే. దానికి 10, 15 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ఏమీ కాదు, రివర్బ్‌కి ఎలాగూ కొంచెం ఆలస్యం కావాలి. ట్రాక్‌లో రికార్డయ్యేది మాత్రం ఏ ఎఫెక్టూ లేని శుభ్రమైన గొంతే. టేక్ అయ్యాక వినేటప్పుడు మాస్టర్ సెండ్ మళ్ళీ ఆన్ చేసుకోవాలి, లేకపోతే రివర్బ్ తప్ప గొంతు వినపడదు.

యూఎస్‌బీ మిక్సర్ వాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. లోపలే ఎఫెక్టులున్న చిన్న మిక్సర్లలో చాలావాటిలో కంప్యూటర్‌కి వెళ్ళేది మెయిన్ మిక్స్, అంటే ఎఫెక్ట్ నాబ్ తిప్పి ఉంటే ఆ రివర్బ్ పాటలోకి శాశ్వతంగా ఎక్కిపోతుంది. రికార్డింగ్ వేళ ఎఫెక్ట్ నాబ్ సున్నాలో పెట్టి, పైన చెప్పిన పద్ధతిలో కంప్యూటర్ నుంచే వినిపించండి.

నాలుగో మెట్టు: ప్రీడిలే, తోక

అసలు పనంతా ఇక్కడే ఉంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఒడియాలోనూ చివరి అకారాన్ని పలుకుతారు. అంటే ప్రతి మాట చివరా ఒక అచ్చు సాగుతుంది, రివర్బ్ దాన్ని ఇంకా సాగదీస్తుంది, ఆ సాగినది వచ్చే మాట మొదటి హల్లు మీద పడి కప్పేస్తుంది. "రామా కనవేమిరా" లాంటి పలుకులో క, మ, ర ఎంత స్పష్టంగా వినపడుతున్నాయో చూసి రివర్బ్ పెట్టాలి. అందుకే మన పాటలకి తోక పొట్టిగా, ప్రీడిలే కొంచెం ఎక్కువగా ఉండటం నాకు నచ్చుతుంది. ప్రీడిలే అంటే గొంతు వినిపించాక రివర్బ్ మొదలవ్వడానికి ముందుండే విరామం, ఆ విరామంలో హల్లు బయటపడిపోతుంది.

లెక్క ఇలా. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 96 అయితే 625. దాన్ని 16తో భాగిస్తే 39, అది ప్రీడిలే. మరీ విడిపోయినట్టుంటే 32తో భాగించి 20 పెట్టండి. తోకకి, రెండు బీట్లు అంటే 1,250 మిల్లీసెకన్లు, అందులోంచి 39 తీసేస్తే 1.2 సెకన్లు. అలా పెడితే తోక ఆ రెండు బీట్ల లోపలే ఆరిపోయి పాట ఊపిరి తీసుకుంటుంది. తిశ్రగతి జానపదాలకి బీటుని ముందు 3తో భాగించి అక్కణ్నుంచి సగాలు చేసుకుంటూ రండి. నెమ్మదిగా సాగే ఆరాధన పాటకి 2.5 సెకన్ల హాల్, 60 నుంచి 80 మిల్లీసెకన్ల ప్రీడిలే దాకా వెళ్ళొచ్చు. లెక్క మొదలుపెట్టడానికే, చివరి మాట చెవిది.

ఐదో మెట్టు: రివర్బ్‌ని కడగడం

ప్లేట్ ట్రాక్ మీద రివర్బ్ ప్లగిన్‌కి ముందే ఒక ఈక్యూ పెట్టండి. 600 హెర్ట్జ్ కింద, 10,000 హెర్ట్జ్ పైన కోసేసి రివర్బ్‌లోకి పంపడం లండన్ అబ్బే రోడ్ స్టూడియో పద్ధతిగా పేరుపడింది. మగ గొంతుకి 600 ఎక్కువనిపిస్తే 300కి దించండి. దీనివల్ల ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు వచ్చే 50 హెర్ట్జ్ హమ్ కూడా రివర్బ్‌లోకి పోదు. స, శ, ష, చ అక్షరాలు రివర్బ్‌లో "స్స్" అని ఎగిరిపడుతుంటే ఆ ఈక్యూ పక్కనే ఒక డీ-ఎస్సర్ పెట్టండి, అసలు గొంతు మీద కాదు, రివర్బ్‌కి వెళ్ళే దారిలో.

ఇంకొంచెం ముందుకెళ్ళాలనుకుంటే డకింగ్: పాడుతున్నప్పుడు రివర్బ్ తగ్గి, ఆగినప్పుడు పైకి రావడం. ప్లేట్ ట్రాక్‌ని 4 చానెళ్ళు చేసి, గొంతు నుంచి ఇంకో సెండ్ 3/4 చానెళ్ళకి పంపి, రివర్బ్ తర్వాత రియాకాంప్ (రీపర్‌తో వచ్చే కంప్రెసర్, లెవెల్ ఎక్కువైతే తగ్గించేది) పెట్టి దాని డిటెక్టర్‌ని ఆగ్జిలరీ ఇన్‌పుట్‌కి మార్చండి. రేషియో 3కి 1, గెయిన్ 3, 4 డీబీ తగ్గేలా, రిలీజ్ 200 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టండి. మాటలు నిండుగా ఉన్న పాటలకి దీని విలువ చెప్పలేనంత.

పెడలో, ర్యాక్ యూనిట్టో ఉంటే

గిటార్ రివర్బ్ పెడల్‌ని వాడాలంటే ఇంటర్‌ఫేస్‌కి స్పీకర్లకి పోయే రెండు అవుట్‌పుట్లు కాక ఇంకొకటి కావాలి. స్కార్లెట్ 2ఐ2 లాంటి ఇంటర్‌ఫేస్‌లలో లైన్ అవుట్లు రెండే, 4ఐ4లో నాలుగు. మూడో అవుట్ నుంచి లెవెల్ తగ్గించే రీయాంప్ బాక్స్‌కి, అక్కణ్నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి, పెడల్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కి. పెడల్ మిక్స్ పూర్తిగా వెట్‌లో ఉండాలి. స్టూడియో లైన్ లెవెల్ +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు; ఇళ్ళలో వాడే పరికరాల −10 డీబీవీ సుమారు 0.32 వోల్టులు. రెంటి మధ్య దాదాపు 12 డీబీ తేడా, పెడల్ కోరేది చాలాసార్లు అంతకన్నా తక్కువే. నేరుగా పంపితే పగులుతుంది, అందుకే రీయాంప్ బాక్స్.

రీపర్‌లో ప్లేట్ ట్రాక్ మీద రివర్బ్ బదులు బయటి పరికరాన్ని కలిపే రియాఇన్‌సర్ట్ పెట్టి ఆ అవుట్‌పుట్, ఇన్‌పుట్ ఎంచుకోండి, వెళ్ళి వచ్చే ఆలస్యాన్ని కొలిచి సరిచేసే పింగ్ బటన్ దాంట్లోనే ఉంది. పెడల్ తిరిగొచ్చే ఇన్‌పుట్‌కి డైరెక్ట్ మానిటర్ ఆపేసి ఉంచండి. గుయ్యిమంటే లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, ఆగిందంటే గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి వచ్చే హమ్).

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు రివర్బ్ పెట్టె కోసం బరంపురమో విశాఖో పరుగెత్తక్కర్లేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్లకి పెట్టండి, రివర్బ్ ఎక్కువో తక్కువో తేల్చేది అవే.

ఎక్కడ వింటారో అక్కడ వినడం

మన పాటలు ఎక్కువగా ఫోన్ స్పీకర్లలో, ఆటోల్లో, గుడి మైకుసెట్లలో మోగుతాయి. ఒక్క స్పీకర్‌లో వింటే స్టీరియో రివర్బ్ కొంత మాయమవుతుంది, కాబట్టి మాస్టర్‌ని మోనో చేసి ఒకసారి వినండి. హార్న్ స్పీకర్లలో వేసే పాటైతే రివర్బ్ సగానికి తగ్గించండి. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది, ఒక హార్న్ కంటే ఇంకోటి 34 మీటర్లు దూరంగా ఉంటే దాని శబ్దం 100 మిల్లీసెకన్లు వెనక వస్తుంది. వీధే బోలెడంత ప్రతిధ్వని కలిపేస్తుంది, మనం కలిపింది దాని మీద పడితే మాటలు ఒక్కటీ అర్థం కావు. అలాంటి పాటకి నేను రెండు మిక్సులు చేస్తాను, ఒకటి ఫోన్‌కి, ఒకటి మైకుసెట్టుకి.

పాటని ఫైలుగా రెండర్ చేసేటప్పుడు టెయిల్ (తోక) టిక్ పెట్టి 3,000 మిల్లీసెకన్లు ఇవ్వండి, లేకపోతే చివరి మాట తర్వాత రివర్బ్ టక్కున తెగిపోతుంది. పాటని మిక్సింగ్‌కి విశాఖకో భువనేశ్వర్‌కో పంపుతుంటే గొంతు ట్రాక్ ఏ రివర్బ్ లేకుండా ఒక ఫైలు, ప్లేట్ ట్రాక్ ఒక్కటే వెట్‌గా ఇంకో ఫైలు, రెండూ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా రెండర్ చేసి, ఫైలు పేరులో టెంపో, ప్రీడిలే రాసి పంపండి.